కండెమ్ కమిటీలో మూడో కుర్చీ

నవనీతకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను పక్కన లేనప్పుడు తన బిడ్డకు ఏదైనా అవుతుందని.

ఏదైనా అంటే ఏమిటని ఎవరూ అడగకూడదు. అడిగితే చెబుతుంది. పిల్ల మోక్షిత గుక్కపట్టి ఏడిస్తే ఊపిరి తిరగదేమోనని భయం. ఏడవకుండా నిద్రపోతే ఊపిరి ఉందో లేదోనని భయం. పొలమారుతుందని, దిష్టి తగులుతుందని, ఫ్యాను ఊడి పడుతుందని భయం. ఫ్యాను కింద ఎవరినీ పడుకోనివ్వదు. అందుచేత ఆ ఇంట్లో ఫ్యాను ఒక్కటే హాయిగా తిరుగుతుంది, మనుషులంతా గోడవారన చెమటలు కక్కుతుంటారు. భర్త శ్రీశైలం ట్రాలీ ఆటో నడుపుతాడు. "భయపడుడు గిట్ల కొలువైతె నువ్వు ఎప్పుడో ఆఫీసరువయ్యేదానివి" అంటాడు. ఆ మాటకు ఆమె నవ్వుతుంది. నవ్వినందుకు దేవుడికేమైనా కోపం వచ్చిందేమోనని వెంటనే చెంపలు వేసుకుంటుంది.

ఇంటరు మొదటి సంవత్సరం సగంలో ఉండగా పెళ్ళి కుదిరి చదువు ఆగిపోయింది. చదువు ఖాళీ చేసిన చోట భయం చాప వేసుకుని కూర్చుందని అత్తమ్మ అభిప్రాయం.

నగరం పొలిమేరలో, రాళ్ళగుట్టల మధ్య కట్టిన ఒక పరిశోధన సంస్థలో నవనీత ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. కాంట్రాక్టు పని. అయినా ఎందుకు ఒప్పుకుందంటే అక్కడ గేటు పక్కనే పిల్లల గది ఉంది. పనిచేసే తల్లుల పిల్లలను బాలమణి అనే ఆయా సాయంత్రం సైరను మోగేదాకా చూసుకుంటుంది. మోక్షిత సీసా పాలు ముట్టదు. సీసా చూపిస్తే, అప్పు అడిగినవాణ్ణి చూసినట్టు మొహం తిప్పేస్తుంది. అందుకని నవనీత మధ్యమధ్య చీపురు గోడకు ఆనించి, పరుగున వెళ్ళి పాలిచ్చి వస్తుంది.

ఆమె తుడిచే వరండా చివర డాక్టర్ సుధీంద్ర గారి ప్రయోగశాల. ఆయన అడగకపోయినా చెప్పే మనిషి. అడిగేవాళ్ళు లేక అలా తయారయ్యారు పాపం.

"ఎలక్ట్రాన్ తెలుసా అమ్మా?" అన్నారు ఒకనాడు.

"తెల్సు సార్. ఇంటర్ల మొదటి పాఠం. రెండో పాఠానికి పెండ్లయింది."

"దానికి ఎదురు కవల పాజిట్రాన్. రెండూ కలిశాయా, రెండూ ఉండవు. కంటికి కనిపించని వెలుగు మిగులుతుంది, అంతే. మేం పాజిట్రాన్లను పల్చటి టంగ్‌స్టన్ రేకు మీదికి పంపిస్తాం. రేకు మీద సోడియం పూత ఉంటుంది. ఎక్కడో ఒక పాజిట్రాన్ రెండు చేతులా రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుని బయటికొస్తుంది. ముగ్గురూ కలిసి కాసేపు ఒక కాపురం. అదే మా అయాన్. దాని మీద లేజరు వెలుగు వేసి చూడడమే మా ప్రయోగం."

"ఎంతసేపు ఉంటది సార్?"

సుధీంద్ర గారు చిటిక వేశారు. "దాని ఆయుష్షు ముందు ఈ చిటిక ఒక యుగం."

నవనీత గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! అది పోయేటప్పుడు మరి పక్కన ఎవరుంటరు సార్?"

ఇన్నేళ్ళ పరిశోధనలో ఆయనకు ఆ ప్రశ్న తట్టలేదు. చాలాసేపు ఆలోచించి, "లేజరు ఉంటుందమ్మా" అన్నారు.

ఆ రోజుల్లోనే సంస్థకు కొత్త పరిపాలనాధికారిగా పట్టాభిరామయ్య గారు వచ్చారు. వెనకటి ఆఫీసులో ఎవరో విరిగిన కుర్చీని అనుమతి లేకుండా బయట పారేస్తే, విచారణ తిరిగి తిరిగి ఆయన నెత్తికి చుట్టుకుందట. చివరికి కుర్చీ దొరికింది గాని, ఆయన పోగొట్టుకున్న నిద్ర దొరకలేదు. అప్పటినుంచి ఆయనకు ఒకటే మతం. ప్రభుత్వ సొత్తు ఏదైనా సరే, కండెమ్ కమిటీ కళ్ళారా చూసి "ఇది ఇక పనికిరాదు" అని తేల్చనిదే నాశనం కాకూడదు. నవనీత చీపురు అరిగి అరిగి పిడి మాత్రమే మిగిలింది. కమిటీ చూసేదాకా ఆమె ఆ పిడితోనే ఊడ్చింది. దుమ్ము కూడా జాలిపడి తనంతట తాను పక్కకు జరిగేది.

పట్టాభిరామయ్య గారు ప్రయోగశాల తనిఖీకి వచ్చినప్పుడు నవనీత గాజు తలుపు తుడుస్తోంది.

"ఇక్కడ ఉత్పత్తి అగుచున్నదేమిటి?"

"అయాన్లండీ" అన్నారు సుధీంద్ర గారు.

"ఉత్పత్తి అయిన పిదప?"

"నశిస్తాయండీ."

పట్టాభిరామయ్య గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరి అనుమతితో?"

"అనుమతేమిటండీ, వాటంతట అవే..."

"డాక్టర్ గారూ! ప్రభుత్వ ఆవరణలో, ప్రభుత్వ విద్యుత్తుతో, ప్రభుత్వ రేకు మీద పుట్టిన వస్తువుకు తనంతట తాను నశించే అధికారం లేదు."

"అది ప్రకృతి నియమమండీ."

"ఆ నియమాన్ని మన సంస్థకు వర్తింపజేస్తూ ఉత్తర్వేమైనా వచ్చిందా?"

రాలేదు. ప్రకృతి ఎవరికీ నకలు పంపలేదు.

అప్పటికప్పుడు అయాన్లకొక ప్రత్యేక కండెమ్ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు ఆయనే. రెండో సభ్యుడు స్టోర్సులో పనిచేసే జహంగీర్. మూడో సభ్యత్వానికి నిబంధన ఒకటుంది: సదరు శాస్త్రంలో ప్రవేశం లేని, అందువలన పక్షపాతానికి ఆస్కారం లేని, ఒక మహిళ కావాలి. ప్రయోగశాలల్లో ఉన్న ఆడవాళ్ళంతా ఏదో ఒక శాస్త్రంలో తలదూర్చినవాళ్ళే. పట్టాభిరామయ్య గారి చూపు గాజు తలుపు దాకా వచ్చి ఆగింది.

"ఏమ్మా, నీకు భౌతికశాస్త్రం వచ్చునా?"

"రాదు సార్."

"కొంచెం కూడా?"

"ఒక్క పాఠం చదివిన సార్."

"మరచిపో."

"మర్శిపోయిన సార్."

అలా నవనీత సభ్యురాలైంది.

యంత్రం ఉన్న గదిలోనే, ఇనుప కవచానికి ఇవతల, మూడు కుర్చీలు వేశారు. మూడోది మెత్తది. అంత మెత్తటి కుర్చీలో ఆమె అంతకు ముందు కూర్చోలేదు. మొదటి సమావేశంలో సగంసేపు కుర్చీ గురించే ఆలోచించింది. తక్కిన సగం ఈ విధంగా నడిచింది.

పక్క గదిలో మీటల ముందు కూర్చున్న సుధీంద్ర గారు మైకులో, "తెర మీద ఆ చిన్న గుట్ట కనిపిస్తోంది కదండీ, అది అయాన్ల జాడ" అన్నారు.

"అనగా ఇది ప్రస్తుతం ఉన్నదేనా?" అన్నారు అధ్యక్షులు.

"కాదండీ, అది అయిపోయినవాటిది."

"మరి ప్రస్తుతానిది?"

"మీరు అడుగుతుండగా అదీ అయిపోయిందండీ."

అధ్యక్షులు నొసలు తుడుచుకున్నారు. "వస్తువును ముందుగా పరిశీలించుట సాధ్యపడనందున, రాబోవు యావత్తు అయాన్లూ పనికిరానివేనని ఈ కమిటీ ముందస్తుగా నిర్ధారిస్తున్నది." జహంగీర్ చెయ్యెత్తాడు. నవనీత రెండు చేతులూ ఎత్తింది.

"ముగ్గురిలో నశించువారెందరు?" అన్నారు అధ్యక్షులు.

"ఇద్దరండీ. ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది."

"దానిని స్టోర్సుకు అప్పగించవలెను."

"ఎట్ల పట్టుకోవాలె సార్?" అన్నాడు జహంగీర్. "సంచి తేవాల్నా?"

"తగిన పాత్ర తెండి."

జహంగీర్ మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చి యంత్రం పక్కన పెట్టాడు.

"ఆ డబ్బాలో ఇప్పటికే లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయండీ" అని మైకు మొత్తుకుంది.

"మంచిదే. దానికి తోడుంటుంది" అన్నారు అధ్యక్షులు.

నవనీతకు ఆ మాట ఎంతో నచ్చింది.

ఆ వారం నుంచి ఇంట్లో ఆమె నడక మారింది. శ్రీశైలం చిల్లులు పడ్డ బనియను పారేయబోతే, "ఆగు! అది పనికి రాదని ఎవరు తేల్చిన్రు?" అంది. అత్తమ్మ మాడిన రొట్టెను కుక్కకు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "పనికొస్తదో రాదో నా కళ్ళతోటి చూడనియ్యి అత్తమ్మా."

"చూడు బిడ్డా, మంచిగ చూడు" అంది అత్తమ్మ. "చూసి నువ్వే తిను."

తింది. సభ్యురాలికి బాధ్యత ఉంటుంది కదా.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. కొంప ముంచింది మూడో సమావేశం.

సమావేశాల చివర అధ్యక్షులు "ఇతర అంశములేమైనా ఉన్నవా?" అంటారు. అది ప్రశ్న కాదు. ఇక లేద్దామని చెప్పే గంట. కమిటీల్లో ఆరితేరినవాళ్ళెవరూ దానికి జవాబు చెప్పరు. ఆ సంగతి నవనీతకు తెలియదు. పైగా మెత్తటి కుర్చీలో కూర్చోగా కూర్చోగా తనకూ ఒక అభిప్రాయం ఉండాలనిపించింది. లేచి నిలబడింది.

"ఒక్క మాట సార్. మనం ముందుగాల్నే సరే అని చెయ్యెత్తి పోతున్నం. మన ఎనక అవి పోతనే ఉన్నయ్. పోయేటప్పుడు పక్కన ఎవ్వరు లేకపోతె ఎట్ల సార్? పాపం గాదా? అన్ని పోయేదాంక మనమన్న కూసోవాలె గద."

పట్టాభిరామయ్య గారు కళ్ళద్దాలు తీశారు. "నా సర్వీసంతటిలో ఇంత బాధ్యతాయుతమైన సూచన వినలేదు. సభ్యురాలిని కమిటీ అభినందిస్తున్నది." వెంటనే నియమం పుట్టింది: వినాశన ప్రక్రియ సాగుచున్నంతసేపు కమిటీ పూర్తి సంఖ్యలో ఆసీనమై ఉండవలెను, ప్రక్రియ ముగియక మునుపు ఏ సభ్యుడూ స్థానము విడువరాదు, విడిచినచో అనధికార వినాశనమునకు ఆ సభ్యుడే బాధ్యుడు.

జహంగీర్ చెవి దగ్గరికి వంగాడు. "నోరు మూసుకుని కూసుంటె ఏం పోతుండె చెల్లె?"

నవనీతకు అది అసూయలా వినిపించింది. పిల్లల గదికి వెళ్ళి, "నేను చెప్పిన మాట రూలయ్యింది బాలమణక్కా" అని చెప్పుకుంది.

"మంచిగైంది. ఇగ నీ మాట వాళ్ళింటరు. నా మాట నువ్వెప్పుడింటవ్?" అంది బాలమణి. "పిల్లకు ఉగ్గుగిన్నెతోటి పాలు అలవాటు చెయ్యమని మొత్తుకుంటున్న."

"వద్దక్కా, పొలమారుతది."

తరువాతి సమావేశం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. నవనీత పిల్లకు పాలిచ్చి, ఇప్పుడే వస్తానని చెప్పి వచ్చి కూర్చుంది. తలుపు మూశారు. ముందస్తు ఆమోదం అయిపోయింది. జహంగీర్ రెండుసార్లు ఆవులించాడు. అధ్యక్షులు మైకు వైపు తిరిగారు.

"ప్రక్రియ ముగిసినదా డాక్టర్ గారూ?"

"ముగియదండీ."

"అనగా?"

"పాజిట్రాన్లను ఇచ్చే పదార్థం దానంతట అది ఇస్తూనే ఉంటుంది. అందులో సగం తరగడానికే ఏళ్ళు పడుతుంది."

గదిలో యంత్రం గుయ్‌మనడం ఒక్కసారిగా గట్టిగా వినిపించింది.

"అయితే ఆపండి."

"ఆపడానికి లేదండీ. మధ్యలో అడ్డుతలుపు వేయగలను."

"వేసినచో?"

"అయాన్లు పుట్టవు. పాజిట్రాన్లు వచ్చి ఆ తలుపుకే తగిలి నశిస్తాయి."

"అంటే నాశనం ఆగదు. చోటు మారుతుంది. ఆ తలుపు మన కమిటీ పరిధిలోనిది కాదు, దానికి వేరే కమిటీ వేయాలి. దానికీ నేనే అధ్యక్షుణ్ణి." ఆయన తన కుర్చీ చేతులు చూసుకున్నారు. "నేనేమో ఇక్కడ ఉన్నాను."

నవనీత తలుపు వైపు చూసింది. తన భయాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పొలమారడం వచ్చింది, దిష్టి వచ్చింది, ఫ్యాను వచ్చింది. ఇన్ని భయాలు పడ్డ మనిషి ఒక్క దాన్ని మాత్రం వదిలేసింది. తానే ఒక నియమం పెట్టి, దానికి తానే కాపలా కూర్చుంటానని కలలో కూడా భయపడలేదు. ఊరందరి కంటే ముందుచూపు గలదాన్నని అనుకునేది!

"నేను పెట్టిన రూలు నేనే తీసేస్త సార్."

"సవరణ తదుపరి సమావేశంలో చేయవలెను. తదుపరి సమావేశం జరగాలంటే ఈ సమావేశం ముగియవలెను."

లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ కాళ్ళు కట్టేయలేదు. కానీ వెళితే ఆ అనధికార వినాశనమేదో తన మెడకు చుట్టుకుంటుంది, పని పోతుంది, పనితో పాటు పిల్లల గదీ పోతుంది. మోక్షితను ఎక్కడ పెట్టి ఏ పనికి పోవాలి? ఆలోచన అక్కడికి వచ్చి ఆగిపోయేది. ఒంట్లో మాత్రం ఆగలేదు. పిల్ల పాలవేళ దాటింది. రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. ఆ గుయ్‌మనే చప్పుడు వెనక పిల్ల ఏడుపు విన్నట్టయింది. అంతే, పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. కొంగు చుట్టుకుంది. కొంగూ తడిసింది.

"సార్, నా బిడ్డకు పాలియ్యాలె."

"సభ్యురాలి మనోభావాలను కమిటీ గౌరవిస్తున్నది."

"మనోభావాలు కాదు సార్, పాలు!"

జహంగీర్ గోడ వైపు తిరిగిపోయాడు. అధ్యక్షులు పైకప్పు వైపు చూశారు. సైరను మోగింది. బయట బస్సుల చప్పుడు, తల్లులు పిల్లలను పిలుచుకునే కేకలు. కాసేపటికి అవీ లేవు. నవనీత లేచి తలుపు దాకా వెళ్ళింది.

"పో చెల్లె, ఏమైతదో అయితది" అన్నాడు జహంగీర్, గోడతోనే.

"కూర్చోండి!" అని అరిచారు పట్టాభిరామయ్య గారు. అరిచాక, ఆ అరుపు తనకే నచ్చనట్టు మొహం పెట్టారు. ఆమె తడి కొంగు చూశారు, మళ్ళీ పైకప్పు చూశారు. విరిగిన కుర్చీ కోసం పోయిన నిద్రంతా ఆ పైకప్పు మీదే ఉన్నట్టు చాలాసేపు చూశారు.

"బిడ్డ పేరేమిటమ్మా?" అన్నారు. ఆ గొంతు ఎవరిదోలా ఉంది.

"మోక్షిత సార్."

ఆయన గొంతు సవరించుకున్నారు. తన గొంతు తనకు తిరిగొచ్చింది. "అధ్యక్షుని అనుమతితో ఒక అత్యవసర అంశం. అధ్యక్షుడు అనుమతించినాడు. సభ్యురాలు నవనీత గారు సమావేశంలో పలుమార్లు తలుపు వైపు చూసి కమిటీ గౌరవమునకు భంగం కలిగించిరి. ఆమె ప్రవర్తనపై చర్చ చేపట్టడమైనది."

నవనీత చేతులు జోడించింది. "తప్పయింది సార్, మళ్ళ చూడ సార్..."

"ఎవరి ప్రవర్తనపై చర్చ జరుగునో, ఆ సభ్యుడు చర్చ ముగియువరకు గది వెలుపల ఉండవలెను. అది పాత నియమం. మీరు పెట్టినదాని కంటే ఎంతో పాతది. బయటికి నడవండి."

"ఎంతసేపు సార్?"

"చర్చ ముగియువరకు. ముగ్గురూ ఉంటే గాని చర్చ మొదలు కాదు. ప్రస్తుతం మేము ఇద్దరమే ఉంటాము." ఆయన కళ్ళద్దాలు తీసి, ఉన్న మరకా లేని మరకా తుడుస్తున్నారు.

నవనీతకు అర్థం కాలేదు. జహంగీర్‌కు అయింది.

"అరె చెల్లె, ఉరుకు!"

ఉరికింది. చెప్పు ఒకటి వరండాలోనే ఊడిపోయింది.

పిల్లల గది మెట్టు మీద బాలమణి ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె భుజం మీద మోక్షిత నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఏమైందక్కా? ఏడ్చిందా? సొమ్మసిల్లిందా? ఎందుకు కదుల్తలేదు?"

"మెల్లగ! ఇప్పుడే పండుకున్నది. జెరసేపు ఏడ్చింది. ఉగ్గుగిన్నెతోటి పట్టిన, గటగట తాగింది. తాగి నా ముక్కు పీకింది."

"పొలమారలే?"

"నాకు పొలమారింది, నువ్వొస్తలేవని." బాలమణి పిల్లను ఒడిలో వేసింది. "నువ్వు లేకుంటె సచ్చిపోతదనుకున్నవా? పిచ్చిదానా! ఎవరో ఒకరం ఉంటం కదనే."

నవనీత ఏడ్చింది. పిల్ల బతికుందన్న సంతోషం సగం, తాను లేకుండానే కడుపు నింపుకుందన్న రోషం సగం. ఆకలి లేకపోయినా మోక్షిత మర్యాదకు నాలుగు గుక్కలు తాగి మళ్ళీ నిద్రపోయింది.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఆపాడు. ప్రవర్తన మీద చర్చ ముగియలేదు గనుక లోపలికి రాకూడదట. పని తీసేయకూడదట కూడా, చర్చ ముగియలేదు గనుక. పిల్లల గది గేటుకు ఇవతలే ఉంది గనుక అక్కడికి రావచ్చట. గేటు ఎదుట టీ బండి దగ్గర జహంగీర్ కనిపించాడు.

"నువ్వేంది అన్నా, బయట?"

"నువ్వు పోయినంక నా మీద కూడ చర్చ పెట్టిండు. సమావేశంల ఆవులించిన్నట!"

"మరి సార్?"

జహంగీర్ గ్లాసు కింద పెట్టాడు. "సార్ లోపల్నే. సార్ మీద చర్చ ఎవరు పెడ్తరు చెల్లె? సభ్యులు పెట్టాలె. సభ్యులమేమో బయటుంటిమి. సుధీంద్ర సారు మైకుల బతిమాలుతనే ఉన్నడు, కిటికీల నుంచి ఇడ్లీలు అందిస్తున్నడు. సార్ కదలడు. ఎవరో ఒకరన్న పక్కన ఉండాలె, సభ్యురాలు చెప్పింది నిజమే అంటున్నడట."

నవనీత భయాలు ఇప్పుడు చోటు మారాయి. పిల్ల ఫ్యాను కిందే పడుకుంటోంది, ఉగ్గుగిన్నెతో తాగుతోంది. భయమంతా ఆ చివరి గదిలోని పెద్దాయన మీదికి పోయింది. బయటి మనిషి ఎవరైనా వెళ్ళి అధ్యక్షుడి ప్రవర్తన మీద ఫిర్యాదు చేస్తే ఆయన కూడా గది వెలుపలికి రావలసి ఉంటుందని జహంగీర్ అంటున్నాడు. పాత నియమమేనట, సంస్థలో వాళ్ళ ఫిర్యాదు మాత్రం చెల్లదట.

మీలో ఎవరైనా ఆ రాళ్ళగుట్టల వైపు వెళితే ఒకసారి లోపలికి తొంగి చూడండి. వరండా చివరి గది. తలుపు మెల్లగా తట్టండి, ఉలిక్కిపడే మనిషి. ఆయనకు షుగరు, టీ ఇస్తే చక్కెర వేయకండి. తిన్నారో లేదో, కాస్త కునుకు తీశారో లేదో కనుక్కోండి. వచ్చే ముందు ఆయన మీద గట్టిగా ఒక ఫిర్యాదు చేసి రండి. ఏమని చేయాలో తోచకపోతే, సమావేశం మధ్యలో ఒక తల్లిని బయటికి పంపేశారని చెప్పండి.